ఎడమ పక్క తలుపు

ఆ జీపు మా ఇంట్లో ఉన్న చివరి వానాకాలం అది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగం కాగితం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఇంటికొచ్చి కూర్చున్నాను. చిన్నప్పటినుంచీ హాస్టళ్లలో పెరిగినదాన్ని. అమ్మా నాన్నా చేసే పని గురించి నాకు తెలిసింది తక్కువ, తెలుసనుకున్నది ఎక్కువ. అడవిలో విత్తనాలు ఏరి నర్సరీకి ఇస్తారని మాత్రం ఎవరడిగినా గొప్పగా చెప్పేదాన్ని.

ఆ విత్తనాలకి రెక్కలుంటాయి. తొలి వానలు పడగానే పొడవాటి చెట్ల చివర్లనుంచి గిరగిరా తిరుగుతూ రాలతాయి. మేము రెక్కగింజలనేవాళ్లం. మిగతా గింజల్లా ఎండబెట్టి డబ్బాలో పోసుకుందామంటే కుదరదు. రాలిన రోజునుంచి లెక్కేసి ఏడు రోజుల్లో మట్టిలో పడాలి. ఎనిమిదో రోజుకి అవి ఉత్త పొట్టు. అందుకని ఆ అయిదారు వారాలూ మా ఇంట్లో అందరూ కాలుగాలిన పిల్లుల్లా తిరిగేవాళ్లు. అడవికి పోవడం, ఏరడం, గోనెల్లో నింపడం, జీపులో నర్సరీకి తోలడం, మళ్లీ అడవికి పోవడం. నేను పుట్టిన మరుసటి ఏడు మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు అమ్మా నాన్నా ఈ పని కలిసే చేశారు. నాన్న స్టీరింగు దగ్గర, అమ్మ పక్కన.

ఆ యేడు మాత్రం వానలకి ముందే ఇంట్లో ఉరిమింది. అమ్మ ఇక జీపెక్కనని తెగేసి చెప్పింది. కాళ్లనొప్పులని రెండేళ్లుగా ఆవిడ అంటూనే ఉంది, నాన్న రెండేళ్లుగా ఊ కొడుతూనే ఉన్నాడు. పట్నంలో మా పిన్ని పక్కవాటా ఖాళీ అయిందట. అక్కడి విత్తనాల గోదాములో నాన్నకి కూర్చుని చేసే పని ఇస్తామన్నారట. ఈ రెండు మాటలూ పట్టుకుని అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కూర్చుని చేసే పనికి నేనెందుకు, కుర్చీని పెట్టుకోమను అన్నాడు నాన్న. ఆయన మొండితనం ముందు ఆ జీపు మొండితనం ఏపాటిది.

చివరికి ఒక రోజు వరండాలో గోనెలకి చిరుగులు కుడుతూ అమ్మ అడిగేసింది.

"సరే, ఒక మాటనుకుందాం. ఈ సీజన్లో ఒక్క లోడు పాడైనా జీపు అమ్మేస్తారా?"

"పాడవకపోతే?"

"పట్నం మాట మళ్లీ జన్మలో ఎత్తను."

నాన్న నా వైపు తిరిగి, విన్నావుగా, సాక్షివి నువ్వే అన్నాడు. అలా ఎవరి పక్షం వహించాలో తెలియని సాక్షిగా నేను ఆ సీజన్లోకి దిగాను. అమ్మ ఎక్కనన్న సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని వెళ్లాడాయన.

మొదటి లోడు చెప్పుకోవడానికేమీ లేదు. వాన ఇంకా కుదురుకోలేదు, దారి గట్టిగానే ఉంది. నర్సరీ ఆఫీసరు బల్ల ముందు కూర్చుని, ఏ గోనెలోంచి పడితే ఆ గోనెలోంచి వంద గింజలు తీయించి, చిన్న కత్తితో ఒక్కొక్కటే నిలువునా కోశాడు. లోపల ఆకుపచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగు తిరిగితే పోయినట్టు. వందలో డెబ్బై పచ్చగా ఉండాలి. ఒక్కటి తగ్గినా లోడంతా వెనక్కే. మావి ఎనభై ఎనిమిది తేలాయి. ఆ సంగతి నాన్న ఇంటి గుమ్మంలోంచే కేకేసి చెబితే అమ్మ ముఖం మాడ్చుకుని, మంచిదే, చేతులు కడుక్కోండి అంది.

రెండో లోడుకి అడవి బాగా లోపలికి వెళ్లాం. గింజలు రాలిన రోజే చేరుకున్నాం. మూడు రోజులు నడుం ఎత్తకుండా ఏరాం. పురుగు తొలిచినవి పారేసి, మంచివి తడిగోనెల్లో వదులుగా నింపాం. అదిమి నింపితే వేడెక్కి ఉడికిపోతాయని నాన్న వందసార్లు చెప్పాడు. నా చేతివేళ్లకి ఆ గింజల జిగురు వాసన పట్టుకుంది. ఇప్పటికీ వాన మొదలైన రోజు నాకా వాసన తగిలినట్టుంటుంది, అప్పుడు ఎందుకో ఆ ఇద్దరూ కళ్లముందు కదులుతారు. మూడో రోజు మధ్యాహ్నం మొదలైన వాన తెల్లవార్లూ కురిసింది.

నాలుగో రోజు పొద్దున పదకొండు గోనెలతో తిరుగుముఖం పట్టాం. రెండు మలుపులు దాటాక దారి ఒక పల్లంలోకి దిగుతుంది. వచ్చేటప్పుడు అక్కడ చెప్పు తడిసేన్ని నీళ్లున్నాయి. ఇప్పుడు ఎర్రటి బురద నిండిన కాలవ ఉంది. నాన్న పల్లానికి ముందే జీపు ఆపాడు. ఆ పాత జీపు మామూలుగా వెనక చక్రాలతోనే నడుస్తుంది. నాలుగు చక్రాలూ లాగాలంటే కిందికి దిగి, ముందు చక్రం మధ్యలో అరచేయంత గుండ్రటి లాకు ఉంటుంది, దాన్ని చేత్తో తిప్పాలి. తర్వాత లోపల చిన్న గేరు వెయ్యాలి. నాన్న దిగి, వంగి, తిప్పి, వచ్చి కూర్చున్నాడు. నేనేమో ఈలోపు నా పక్క తలుపు తీసి, చెప్పులకంటిన బురద దులుపుకుని, తలుపు దభీమని వేశాను. వేసీ వెయ్యగానే నాన్న చిన్న గేరు లాగి బండిని పల్లంలోకి దింపాడు.

సగం దూరం బాగానే వెళ్లింది. అక్కడ ముక్కు కిందికి వంగింది, వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బురద వానలా లేచింది, జీపు ఒక నిట్టూర్పు విడిచినట్టు కుంగి ఆగిపోయింది.

నాన్న నవ్వాడు. ఇలాంటివి ఎన్ని చూడలేదు, పావుగంట పని అన్నాడు. ఆ పావుగంట సాయంత్రం దాకా నడిచింది. చక్రాల ముందు బురద పారతో తోడాం. కొమ్మలు నరికి పరిచాం. టైర్లలో గాలి సగం తీశాం. జాకీ పెడితే జాకీ మునిగింది, దానికింద పలక పెడితే పలకతో సహా మునిగింది. ముందు చక్రాలు సగానికి పైగా బురదనీళ్లలో ఉన్నాయి. అవేం చేస్తున్నాయో ఎవరికీ కనబడదు. నేను ప్రతిసారీ వెనకనుంచి నెట్టేదాన్ని. తలనుంచి కాళ్లదాకా ఎర్రమట్టి బొమ్మలా తయారయ్యాను. నన్ను చూసి నాన్న ఒకసారి పగలబడి నవ్వాడు. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

గోనెలన్నీ దింపి, గట్టున టార్పాలిన్ కట్టి దానికింద గింజలు పలచగా పరిచాం. రెండు గంటలకోసారి చేత్తో తిరగేయడం నా పని. అయిదో రోజు మళ్లీ తవ్వడం, మళ్లీ పరచడం, మళ్లీ నెట్టడం. తెచ్చుకున్న రొట్టెలు అయిపోయాయి. మధ్యాహ్నం గింజలు తిరగేస్తుంటే కొన్నింటికి కొసన తెల్లటి మొలక ముక్కులు కనబడ్డాయి. పిలిచి చూపించాను. నాన్న ఒకటి అరచేతిలో పెట్టుకుని చూశాడు. ముక్కు విరిగితే ఇక ఆ గింజ పోయినట్టేనని, ఇంకో రోజుకి అన్నీ ఇలాగే అవుతాయని చెప్పాడు.

అప్పుడు ఆయన బురదచేతులు ఒళ్లో పెట్టుకుని గట్టుమీద కూర్చుండిపోయాడు. ఎన్నడూ లేనిది, మా నాన్న నాకు ముసలివాడిలా కనిపించాడు.

"మీ అమ్మ గెలిచింది," అన్నాడు.

ఇంకా రెండు రోజులుందిగా అన్నాను. ఇరవై రెండేళ్లుగా ఇదే దారి, ఇదే బండి, ఇంతకంటే పెద్ద గుంటల్లోంచి ఆవలించినంత సులువుగా బయటికొచ్చాం, ఈసారి ఏమైందో అంతుపట్టడం లేదు అని తనలో తనే గొణుక్కున్నాడు. నా చెయ్యి పోయిందేమో అని కూడా అన్నాడు. ఆ మాటకి నాకు భయమేసింది.

ఆరో రోజు వెలుగురాగానే నేను అడవి చెక్‌పోస్టుకి నడిచాను. ఎనిమిది కిలోమీటర్లు. అక్కడి వాచరుని అందరూ రేడియో అంటారు, ఒకసారి మొదలైతే ఆగడు కాబట్టి. నా అవతారం చూసి ఆయన వేడివేడి టీ ఇచ్చి, తను చూసిన దిగబడిన బళ్ల చరిత్రంతా వరసగా విప్పాడు. అందులోంచి నాకు పనికొచ్చే ముక్క ఒక్కటే. ట్రాక్టరు ఉంది, కానీ అది ఎల్లుండిదాకా రాదు. ఎల్లుండంటే ఎనిమిదో రోజు.

ఇంటికి ఫోన్ చేశాను. మొదటి గంటకే అమ్మ ఎత్తింది. ఫోన్ పక్కనే కూర్చుని ఉండాలి.

రెండు రోజులనుంచీ కబురు లేదని ముందు నన్ను తిట్టింది, తర్వాత నాన్నని తిట్టింది, ఆ తర్వాత ఇద్దరం తిన్నామా అని అడిగింది. ఆపైన గింజలెలా ఉన్నాయంది. ముక్కులు బయటపెడుతున్నాయని చెప్పాను. తవ్వింది, పరిచింది, జాకీ మునిగింది, అన్నీ ఏకరువు పెట్టాను. చివర్లో, ట్రాక్టరు వచ్చేసరికి లోడు పోయినట్టే, నువ్వే గెలిచావులే అమ్మా అన్నాను. ఆమెకి సంతోషంగా ఉంటుందనే అన్నాననుకుంటాను.

అవతల చప్పుడు లేదు. తీగలో రొద మాత్రం వినిపిస్తోంది. లైను పోయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"ఎడమ చక్రం లాకు ఎవరు తిప్పారే?" అంది అమ్మ.

"నాన్నే తిప్పాడు. నేను చూశాను."

"నాన్న తిప్పేది కుడిది. ఎడమది ఎవరు తిప్పారు?"

ఆయన ఒక్క పక్కే దిగి, ఒక్క చక్రం దగ్గరే వంగి, వచ్చి కూర్చోవడం నా కళ్లతో చూశాను. లాకులు రెండుంటాయని, ఒకటి వదిలేస్తే ముందు చక్రాలు రెండూ లాగకుండా ఉత్తినే ఉంటాయని నాకెవరు చెప్పారు? నాన్నకి తెలుసు. తెలిసినా ఆయన చెయ్యి ఇరవై రెండేళ్లలో ఎన్నడూ అటు పోలేదు. ఆయన కుడి లాకు తిప్పి వచ్చి కూర్చునేవాడు, ఎడమ తలుపు దభీమనేది, ఆ చప్పుడు వినగానే చిన్న గేరు లాగేవాడు. అది అమ్మ తన పని ముగించి ఎక్కిన చప్పుడు. ఈసారి నేను చెప్పులు దులుపుకుని తలుపు వేశాను, ఆయన గేరు లాగాడు.

ఇదంతా నాకు ఒక్కసారిగా తట్టలేదు. ముక్కలు ముక్కలుగా అమ్మే అడిగి రాబట్టింది. తర్వాత నిదానంగా, వంటెలా చెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. ఆ లాకు పట్టేసి ఉంటుంది. వంగి తిప్పితే పట్టు దొరకదు, మోకాళ్లమీద కూర్చోవాలి. ముందు రాయితో పక్కన రెండు దెబ్బలు వెయ్యాలి, తర్వాత అరచేతి మడమతో లోపలికి నొక్కిపట్టి తిప్పాలి. మీ నాన్న బలంకొద్దీ తిప్పుతారు, అలా తిప్పితే విరుగుతుందని చెప్పు అంది. ఫోన్ పెట్టేశాక చూస్తే రేడియో నోరు మూసుకుని నన్నే చూస్తున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం తన సర్వీసులో అదే మొదటిసారట. తర్వాత ఆయనే చెప్పాడు.

తిరుగుదారంతా దాదాపు పరిగెత్తాను. నేను చెప్పింది విని నాన్న కాసేపు నా ముఖంలోకి చూశాడు. జీపు ముందునుంచి చుట్టు తిరిగి అటు వెళ్లాడు. ఆ బండికి ఎడమ పక్క అనేది ఒకటుందని అప్పుడే తెలిసిన మనిషిలా నెమ్మదిగా వెళ్లాడు.

ముందు వంగి చూశాడు, పట్టు దొరకలేదు. బురదనీళ్లలో మోకాళ్లమీద కూర్చున్నాడు. నీళ్లు నడుందాకా వచ్చాయి. రాయితో రెండు దెబ్బలు వేశాడు, నొక్కాడు, తిప్పాడు. కదల్లేదు. మళ్లీ కొట్టాడు. నేను చేస్తానన్నాను, వద్దన్నాడు. ఇది ఇంత బిగుసుకుపోయిందేంటి, కుడిది రెండువేళ్లతో తిరుగుతుందే అన్నాడు. చెమట ముక్కుమీదనుంచి కారుతోంది. నా లెక్కలో పావుగంట పైనే పట్టింది. చివరికి లోపల టక్కుమంది.

లేవబోయి, పట్టు కోసం చక్రంపై మడ్‌గార్డు అంచు పట్టుకున్నాడు. పట్టుకుని, చెయ్యి తీసి చూశాడు. అక్కడ చేతివెడల్పు మేర రంగు పోయి ఇనుము తేలింది. నున్నగా మెరుస్తోంది. కుడి పక్క మడ్‌గార్డుకి గీత కూడా లేదు. ప్రతిసారీ బురదలోంచి లేవడానికి అమ్మ పట్టుకున్న చోటది. ఆయన అక్కడే నిలబడి ఆ మెరిసే ముక్కని చూస్తూ ఉండిపోయాడు. గింజలు నాన్నా, అని నేను గుర్తుచెయ్యాల్సి వచ్చింది.

జీపు మొదటి ఊపులోనే బయటికొచ్చింది. నేను కేకలు వేస్తూ ఎగిరాను. నాన్న ఇంజను ఆపి కిందికి దిగి గోనెలు ఎత్తడం మొదలుపెట్టాడు. దారిలో రెండుచోట్ల బురద వస్తే ఆపి, ముందు ఎడమ పక్కకి వెళ్లి, తర్వాత కుడి పక్కకి వచ్చాడు. నేను దిగబోతే కూర్చో అన్నాడు.

ఏడో రోజు పొద్దున నర్సరీ గేటు తీసే వేళకి మేము గేటు బయటే ఉన్నాం. ఆఫీసరు మమ్మల్ని చూసి ముక్కు ఎగబీల్చి, కుర్చీ కాస్త దూరం జరుపుకుని కత్తి తీశాడు. గోధుమరంగువి ఒక పక్క, పచ్చవి ఒక పక్క పెడుతూ పోయాడు. యాభై కోసేసరికి పదిహేను గోధుమవి. నాన్న బల్లవైపు చూడకుండా కిటికీలోంచి నారుమళ్లు చూస్తున్నాడు. వందోది కోసి, డెబ్బై నాలుగు అన్నాడు ఆఫీసరు. కూలీలు గోనెలు దింపుకుని వెంటనే మళ్లకి మోసుకుపోయారు. ఒక ఆడమనిషి వేలితో మట్టిలో గుంట చేసి మా మొదటి గింజని రెక్కలు పైకి ఉండేలా పాతింది. అది చూశాకనే నాన్న కదిలాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. ఈసారి నాన్న గుమ్మంలోంచి కేకేయలేదు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని లోపలికొచ్చాడు. అమ్మ కుర్చీలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎన్ని పచ్చగా ఉన్నాయని నన్నడిగింది. చెప్పాను.

"సరే. మాటంటే మాటే. ఇక పట్నం ఊసెత్తను," అంది మడత ఆపకుండా.

నాకు ఒళ్లు మండింది. ఎవరిమీదో తెలియని కోపం అది. ఫోన్లో ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నువ్వే గెలిచేదానివి కదా, ఎందుకు చెప్పావు అని గట్టిగానే అడిగాను.

"ఆ గింజలేం పాపం చేశాయే?" అంది అమ్మ.

నాన్న ఇదంతా వింటూ నిలబడ్డాడు. తర్వాత వచ్చి అమ్మ కుర్చీ ముందు నేలమీద కూర్చున్నాడు. మా నాన్న అలా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. కూర్చోవడానికి ఆయనా ఒక మూలుగు మూలిగాడు. ఈ సీజను అయ్యాక జీపుకి బేరం చూస్తానన్నాడు. గెలిచినవాళ్లు అమ్ముకోవడమేంటని అమ్మ ఎకసెక్కంగా నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"నొప్పి ఎక్కడ?" అన్నాడు నాన్న.

అమ్మ మడతపెడుతున్న తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది.

"మోకాళ్లు. రెండూ."

"అది లాకు వల్లేనని నాకొక్క మాట చెప్పొచ్చుగా. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

అమ్మ గొంతులో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. అదే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

"మీరెప్పుడూ అటు పక్కకి రాలేదుగా," అంది.